హుజ్రా తలుపు తెరిచి ఉండాలి

పిల్లవాణ్ణి తొలిసారి మక్తబ్‌లో, అంటే ఖురాన్ చదువు చెప్పే చిన్న బడిలో, కూర్చోబెట్టేటప్పుడు మన పెద్దలు ఉస్తాద్‌తో, అంటే గురువుతో, ఒక మాట అనేవారు: "హజ్రత్, మాంసం మీది, ఎముకలు మావి." ఎంత కొట్టినా మేం అడగం, చదువు వస్తే చాలని దాని భావం. మా అన్నయ్యను చేర్చినప్పుడు మా నాన్నగారూ ఈ మాటే అన్నారట. ఇప్పటి తల్లిదండ్రుల్లో చాలామంది ఆ మాట అనడం లేదు. కానీ దాని వెనక ఉన్న ఒప్పందం మాత్రం చెక్కుచెదరలేదు. బిడ్డను అప్పగించాం, ఇక ఆ గోడల లోపల దెబ్బలైనా, లైంగిక దాడైనా, ఏం జరిగినా మనం ప్రశ్నించకూడదు అన్నది ఆ ఒప్పందం. దాన్ని రద్దు చేసుకోవాల్సిన సమయం ఎప్పుడో దాటిపోయిందని నా వాదన.

నేను ముస్లిం స్త్రీని. కోస్తాలోని ఒక చిన్న పట్టణంలో, మసీదు వెనక రేకుల షెడ్డులో అరబ్బీ అక్షరాల తొలి పుస్తకం, ఖాయిదా, నేర్చుకున్నాను. రెహల్ అనే చెక్కపీట మీద సిపారా (ఖురాన్‌లో ఒక భాగం) పెట్టుకుని అందరం గొంతు కలిపి చదివిన ఆ సాయంత్రాలు నాకు ఇచ్చింది తక్కువేమీ కాదు. దుఃఖం వచ్చినప్పుడు నోటికి తానుగా వచ్చే ఖురాన్ వాక్యాలు, ఆయతులు, అక్కడివే. పక్కన కూర్చున్న రిక్షా కార్మికుడి కూతురూ, బట్టల కొట్టు యజమాని కూతురూ ఒకే చాప మీద ఉండడం నేను మొదట చూసిందీ అక్కడే. ఇవాళ నా పిల్లలు కూడా మక్తబ్‌కు వెళ్తున్నారు. మదర్సాలన్నిటికీ తాళాలు వేయాలని కేకలు వేసేవాళ్ల పక్కన నేను నిలబడను. వాళ్లకు మా పిల్లల క్షేమంతో పని లేదు. నేను మాట్లాడుతున్నది లోపలి మనిషిగా, లోపలివాళ్లతో.

మక్తబ్ నడిచే తీరు తెలిసినవాళ్లకు ప్రమాదం ఎక్కడ పొంచి ఉంటుందో తెలుస్తుంది. సబక్ (ఆనాటి పాఠం) అప్పజెప్పడానికి పిల్లలు ఒక్కొక్కరే ఉస్తాద్ దగ్గరికి వెళ్లి, మోకాలికి మోకాలు తగిలేంత దగ్గరగా కూర్చోవాలి. మసీదుకు ఆనుకుని ఇమాముగారు ఉండే చిన్న గది, హుజ్రా, ఉంటుంది. చాలా ఊళ్లలో ఇమాముగారికి భోజనం వంతుల వారీగా ఇళ్ల నుంచి వెళ్తుంది. ఆ టిఫిన్ క్యారియర్ మోసుకెళ్లేది ఇంట్లో చిన్నవాడే. పెద్ద మదర్సాల్లోనైతే హిఫ్జ్ చేసే, అంటే ఖురాన్‌ను కంఠస్థం చేసే, పిల్లలు అక్కడే ఉంటారు, అక్కడే పడుకుంటారు. హైదరాబాదు మదర్సాల్లో బీహార్, జార్ఖండ్ నుంచి వచ్చిన పిల్లలూ ఉన్నారు. పండగకు తప్ప వాళ్లు ఇంటి ముఖం చూడరు. ఉస్తాద్‌కు కాళ్లు ఒత్తడం, తలకు నూనె రాయడం ఖిద్మత్ (సేవ) అనీ, దాంతో చదువులో బర్కత్ (దైవానుగ్రహం) వస్తుందనీ వాళ్లకు చెబుతారు. ఇక ఆడపిల్లలకు ఇంటికి వచ్చి చదువు చెప్పే ఉస్తాదులున్న చోట, "పిల్ల దృష్టి చెదరకూడదు" అని గది తలుపు దగ్గరగా వేసేది కన్నతల్లే. విదేశాల్లో ఉన్న మన కుటుంబాల పిల్లలు కంప్యూటర్ ముందు కూర్చుని, ఎవరో, ఏ దేశంలో ఉంటారో ఇంట్లోవాళ్లకు కూడా సరిగా తెలియని ఉస్తాద్ దగ్గర తజ్వీద్ (ఖురాన్ ఉచ్చారణ నియమాలు) నేర్చుకుంటున్నారు.

ఉస్తాదులంతా చెడ్డవాళ్లని నేను అనడం లేదు. నాకు చదువు చెప్పిన పెద్దాయన, పిల్లలకు జ్వరం వస్తే ఇంటికొచ్చి దుఆ (ప్రార్థన) చదివి వెళ్లేవారు. ఆయన పేరు తలచుకుంటే ఇప్పటికీ నా గొంతు పూడుకుపోతుంది. అయితే నేరం చేయాలనుకునే మనిషి ఎక్కడికి చేరతాడు? పిల్లలు ఒంటరిగా దొరికేచోటికి, పెద్దలు ప్రశ్నించనిచోటికి చేరతాడు. మన భక్తి, మన అదబ్ (మర్యాద), మన నమ్మకం అన్నీ కలిసి అలాంటి చోటును అతని కోసం సిద్ధం చేసి పెడుతున్నాయి.

దెబ్బల దగ్గర మొదలుపెడతాను, ఎందుకంటే మిగతాదంతా అక్కడి నుంచే మొదలవుతుంది. ఉస్తాద్ బెత్తం తగిలిన చోట నరకాగ్ని అంటదని మనలో ఒక నమ్మకం ఉంది. చిన్నప్పుడు వాతలు తేలిన అరచేతిని మా నానీకి (అమ్మమ్మకు) చూపిస్తే, ఆమె ముద్దు పెట్టుకుని ఈ మాటే చెప్పేది. ప్రేమతోనే చెప్పేది. దీనికి ఖురాన్‌లో గానీ, ప్రవక్త మాటలూ చేతలూ చెప్పే హదీసుల్లో గానీ ఆధారం లేదు. ఆధారం ఉన్న మాట వేరే ఉంది. అనస్ బిన్ మాలిక్ చిన్న పిల్లవాడిగా దైవప్రవక్త సేవలో చేరి, పదేళ్లు ఆయన దగ్గర ఉన్నారు. ఆ పదేళ్లలో ప్రవక్త తనను ఒక్కసారి కూడా "ఉఫ్" అనలేదని, ఇది ఎందుకు చేశావు, అది ఎందుకు చేయలేదు అని కూడా అడగలేదని ఆయనే చెప్పిన హదీసు బుఖారీ, ముస్లిం అనే హదీసు సంకలనాల్లో ఉంది. ప్రవక్త తన చేత్తో ఏ స్త్రీనీ, ఏ సేవకుణ్ణీ కొట్టలేదని ఆయన భార్య ఆయిషా చెప్పిన హదీసు కూడా ఉంది. బెత్తాన్ని సమర్థించేవాళ్లు అబూ దావూద్‌లోని హదీసు ఒకటి తీసుకొస్తారు: ఏడేళ్లకు నమాజు చెప్పండి, పదేళ్లకు మానితే కొట్టండి అని. దాన్ని వ్యాఖ్యానించిన పండితులే గాయం కాకూడదు, ముఖం తాకకూడదు అని ఎన్నో హద్దులు పెట్టారు. సబక్ మరిచిపోయిన ఆరేళ్ల పిల్లవాడి వీపు చీరేసేవాడికి ఆ హదీసు ఏ విధంగా ఆసరా అవుతుంది? 14వ శతాబ్దంలోనే ఇబ్న్ ఖల్దూన్, కఠినమైన శిక్షల మధ్య పెరిగిన పిల్లలు అబద్ధమూ కపటమూ నేర్చుకుంటారని, వాళ్లలో ఉత్సాహం చచ్చిపోతుందని స్పష్టంగా రాశాడు. ఆ మాట చెప్పింది పాశ్చాత్య విద్యావేత్త కాదు. మన ఖాజీ, మన చరిత్రకారుడు.

చట్టం కూడా ఇక్కడ పిల్లల్ని ఒంటరిగా వదిలేసింది. 2009 నాటి విద్యాహక్కు చట్టంలో 17వ సెక్షన్ బడిలో పిల్లల్ని కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని నిషేధించింది. 2012లో సవరణ తెచ్చి, మదర్సాలకు, వేద పాఠశాలలకు, ప్రధానంగా మత విద్య చెప్పే సంస్థలకు ఆ చట్టం వర్తించదని రాశారు. మైనారిటీ హక్కుల రక్షణగా మన సంస్థలు దాన్ని స్వాగతించాయి. పాఠ్యప్రణాళిక విషయంలో ఆ మినహాయింపు అడగడంలో న్యాయం ఉంది. కానీ బెత్తం మన మైనారిటీ హక్కు ఎలా అయింది? ఉదయం బడిలో ఉపాధ్యాయుడు కొడితే తప్పైనది, సాయంత్రం అదే పిల్లవాణ్ణి మక్తబ్‌లో కొడితే ఎందుకు ఒప్పవుతుంది? దీని మీద మన ఉలమాలే (మత పండితులే) ముందుకొచ్చి, ఆ ఒక్క సెక్షన్ మాకూ వర్తింపజేయండి అని అడగాల్సింది.

దెబ్బను మౌనంగా భరించడం అలవాటైన పిల్లవాడు మరో రకమైన చెయ్యి మీద పడినా మౌనంగానే భరిస్తాడు. తన ఒంటి మీద తనకు హక్కు లేదని అప్పటికే మనం నేర్పేశాం. ఇంటికొచ్చి చెబితే "నువ్వేం తప్పు చేశావు?" అన్న ప్రశ్నే ముందు వస్తుందని వాడికి తెలుసు.

ఇక్కడ బంగ్లాదేశ్ అమ్మాయి నుస్రత్ జహాన్ రఫీ గురించి చెప్పాలి. ఆమెకు 19 ఏళ్లు, చట్టం లెక్కలో బాలిక కాదు. కానీ ఆమె కథలో, ఒక మత విద్యాసంస్థలో నోరు విప్పితే ఏమవుతుందో అడుగడుగునా కనిపిస్తుంది. ఫేనీ జిల్లా సోనాగాజీలోని మదర్సాలో ఆమె చదివేది. 2019 మార్చి 27న ప్రిన్సిపాల్ సిరాజుద్దౌలా తనను గదిలోకి పిలిచి అసభ్యంగా తాకాడని ఆమె అదే రోజు పోలీసులకు ఫిర్యాదు చేసింది. కుటుంబం ఆమె వెంట నిలబడింది. పోలీసు స్టేషన్‌లో అధికారి ఆమె చెబుతున్నదాన్ని తన ఫోనులో వీడియో తీశాడు. ఆమె ముఖానికి చేతులు అడ్డం పెట్టుకుంటే తీసేయమన్నాడు, ఇదేం పెద్ద విషయం కాదన్నాడు. ఆ వీడియో బయటికి వచ్చింది. ప్రిన్సిపాల్‌ను అరెస్టు చేస్తే, అతణ్ణి విడుదల చేయాలని ఊళ్లో ఊరేగింపు తీశారు. ఆ ఊరేగింపులో విద్యార్థులూ ఉన్నారు.

ఏప్రిల్ 6న ఆమె పరీక్ష రాయడానికి వెళ్లింది. భయంతో అన్న తోడు వచ్చాడు, కానీ అతణ్ణి గేటు దగ్గరే ఆపేశారు. నీ స్నేహితురాల్ని కొడుతున్నారని చెప్పి ఆమెను మేడ మీదికి రప్పించారు. అక్కడ బుర్ఖాల్లో ఉన్నవాళ్లు చుట్టుముట్టి, కేసు వెనక్కి తీసుకోమన్నారు. ఆమె ఒప్పుకోలేదు. కాళ్లూ చేతులూ కట్టి, కిరోసిన్ పోసి నిప్పంటించారు. ఆత్మహత్యలా కనిపించాలన్నది వాళ్ల పథకం. కట్లు కాలి తెగిపోవడంతో ఆమె మంటల్లోనే కిందికి దిగి వచ్చింది. అంబులెన్సులో అన్న ఫోనులో ఆమె మాటలు రికార్డయ్యాయి: ఉపాధ్యాయుడు తనను తాకాడని, ఆఖరి శ్వాస వరకు పోరాడతానని. ఏప్రిల్ 10న ఆమె చనిపోయింది. అక్టోబరు 24న కోర్టు 16 మందికి మరణశిక్ష వేసింది. వాళ్లలో మదర్సా పాలక కమిటీ ఉపాధ్యక్షుడు ఉన్నాడు, ఆమె సహవిద్యార్థులు ఉన్నారు. వీడియో తీసి బయటపెట్టిన పోలీసు అధికారికి తర్వాతి నెలలో 8 ఏళ్ల జైలుశిక్ష పడింది.

మరణశిక్షల గురించి ఇక్కడ వాదించను. నన్ను నిద్రపోనివ్వనిది ఊరేగింపు. హుజూర్ (గురువుగారి) పరువు కాపాడాలని వీధిలోకి వచ్చిన ఆ జనంలో ఎంతోమంది తాము దీన్‌కు (మతానికి) సేవ చేస్తున్నామనే అనుకుని ఉంటారు. బంగ్లాదేశ్‌లో ముస్లింలు మైనారిటీ కాదు. అక్కడ వాళ్ల మీద బురద చల్లే పరాయి మీడియా లేదు. అయినా సంస్థ పరువే అమ్మాయి ప్రాణం కంటే బరువు తూగింది. మన దేశంలో మన మౌనానికి మనం ఎప్పుడూ చెప్పే కారణం, చుట్టూ ఉన్న ద్వేషం. ఆ ద్వేషం లేనిచోట కూడా ఇదే జరిగిందంటే కారణం ఇంకెక్కడో ఉన్నట్టే కదా.

అయినా ఆ కారణాన్ని నేను తేలిగ్గా తోసిపుచ్చను. ఒక మౌల్వీ మీద కేసు నమోదైతే సాయంత్రానికల్లా టీవీ తెర మీద మొత్తం సమాజం ముద్దాయి అవుతుంది. వాట్సాప్‌లో అదే వార్త ఏళ్ల తరబడి తిరుగుతుంది. బాధిత పిల్లవాడి కోసం కాకుండా, మా మసీదు మీద రాయి వేయడానికి సాకు దొరికిందని సంబరపడేవాళ్లు ఉంటారు. కేరళలో 2015 నవంబరులో వి.పి. రజీనా అనే పత్రికా రచయిత్రి, కోళికోడ్‌లో తాను చిన్నప్పుడు చదివిన మదర్సాలో ఉస్తాద్ మగపిల్లలతో ఎలా ప్రవర్తించేవాడో ఫేస్‌బుక్‌లో రాశారు. ఆమె రాసింది ఇరవై ఏళ్లకు పైగా గుండెలో మోసిన విషయం. ఒకవైపు సొంత సమాజంలోనివాళ్లు బూతులు తిట్టి, మూకుమ్మడిగా ఫిర్యాదులు చేసి ఆమె ఖాతా మూయించారు. మరోవైపు ముస్లింలంటేనే గిట్టనివాళ్లు ఆమె మాటల్ని ఎత్తుకుని ఊరేగారు. ఈ రెండు గుంపుల్లో ఎవరికీ ఆ తరగతి గదిలోని పిల్లలు గుర్తులేరు.

కాబట్టి భయం నిజమే. కానీ ఆ భయానికి మూల్యం ఎవరు కడుతున్నారు? కమిటీ అధ్యక్షుడు కాదు, మసీదు ఆస్తులు చూసే ముతవల్లి కాదు, బయాన్ (మత ప్రసంగం) చెప్పే హజ్రత్ కాదు. నిక్కరు మీద లుంగీ చుట్టుకుని, టోపీ పెట్టుకుని, హుజ్రాకు క్యారియర్ మోసుకెళ్లే తొమ్మిదేళ్ల పిల్లవాడు కడుతున్నాడు. సమాజం పరువు బరువును వాడి భుజాల మీద పెట్టే హక్కు మనకు ఎవరిచ్చారు?

ఇది ఒక్క మతానికి అంటిన జబ్బు కాదని కూడా తెలుసు. ఇంగ్లండ్, వేల్స్‌లలో పిల్లల మీద లైంగిక దాడులపై ఏర్పడిన స్వతంత్ర విచారణ సంఘం 2021 సెప్టెంబరులో 38 మత సంస్థల గురించి నివేదిక ఇచ్చింది. అందులో చర్చిలు, మసీదులు, యూదు, హిందూ, సిక్కు, బౌద్ధ సంస్థలూ ఉన్నాయి. బాధితుల్నే తప్పుపట్టడం, మతగురువును ప్రశ్నించకపోవడం, బయటి అధికారుల్ని నమ్మకపోవడం, పరువు పోతుందన్న భయం, వీటినే ఆ నివేదిక అన్నిచోట్లా ఎత్తిచూపింది. మన దేశంలో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 2007లో 13 రాష్ట్రాల్లో జరిపిన అధ్యయనంలో, 53 శాతం పిల్లలు ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపులు ఎదుర్కొన్నామని చెప్పారు. ఎక్కువ శాతం నమోదైన రాష్ట్రాల్లో నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. దేశమంతటా వేధింపులు ఎదుర్కొన్నామన్న పిల్లల్లో సగానికి పైగా మగపిల్లలు. మన ఇళ్లలో ఆడపిల్లకు వెయ్యి కాపలాలు పెడతాం, మగపిల్లవాణ్ణి మాత్రం "వాడికేం" అని ఎక్కడికైనా పంపుతాం. హిఫ్జ్ హాస్టళ్లలో ఎక్కువగా ఉన్నది ఆ "వాడికేం" అనుకున్న పిల్లలే.

ఇతర మతాల్లోనూ ఉందన్న నిజం మనకు సమాధానం కాకూడదు. పక్కింట్లో కూడా పాము ఉందని తెలిసినంత మాత్రాన మన పిల్లల పక్క కింద పామును ఉండనిస్తామా?

మా ప్రాంతంలో జరిగిన సంగతి ఒకటి చెబుతాను. ఊరు, ఏడాది చెప్పను. చెబితే పిల్లవాడెవరో తెలిసిపోతుంది, అందుకు చట్టమూ ఒప్పుకోదు, నా మనసూ ఒప్పుకోదు. పిల్లవాడు తల్లితో చెప్పాడు. తల్లి భర్తతో చెప్పింది. భర్త కమిటీ పెద్దల దగ్గరికి వెళ్లాడు. ఇషా (రాత్రి) నమాజు తర్వాత మసీదులోనే పంచాయితీ పెట్టారు. పిల్లవాణ్ణి పెద్ద మగవాళ్ల మధ్య కూర్చోబెట్టి, ఎదురుగా ఆ ఉస్తాద్‌ను కూర్చోబెట్టి, ఏం జరిగిందో చెప్పమన్నారు. వాడు నోరు తెరవలేకపోయాడు. ఒక పెద్దమనిషి "సాక్షులెవరు?" అని అడిగాడు. ఇంకొకాయన "ఖురాన్ మీద చెయ్యి వేసి చెబుతావా?" అని పిల్లవాణ్ణి అడిగాడు, ఉస్తాద్‌ను అడగలేదు. చివరికి ఉస్తాద్‌కు రావలసిన జీతం లెక్కగట్టి ఇచ్చి, తెల్లవారకముందే బస్సెక్కించారు. ఈ విషయం గడప దాటకూడదని తండ్రి దగ్గర మాట తీసుకున్నారు. అందరూ సమస్య తీరిపోయిందనుకున్నారు. కొంతకాలానికి ఆ మనిషి వేరే జిల్లాలో పిల్లలకు చదువు చెబుతున్నాడని తెలిసింది. ఆ తల్లి నాతో అన్నది ఒకటే: "వాడి చదువు పోయింది ఆపా (అక్కా), వాడి నమాజు కూడా పోయింది. మసీదు మెట్లెక్కమంటే వణుకుతాడు."

ఆ రాత్రి పెద్దలు చేసింది ఇస్లామీయ న్యాయం కాదు. సాక్షుల ప్రశ్ననే చూడండి. నలుగురు సాక్షుల నియమం సూరా నూర్‌లో పతివ్రతలైన స్త్రీల మీద అపనింద వేసేవాళ్ల నోరు కట్టడానికి వచ్చింది. బలహీనుల రక్షణకు వచ్చిన నియమాన్ని తిప్పి, తన మీద జరిగిన దాడి గురించి చెప్పే పసివాడి మీదికి విసరడం ఎంత ఘోరం! పాకిస్తాన్‌లో 1979 నాటి హుదూద్ ఆర్డినెన్సు అత్యాచార బాధితులకు ఈ గతే పట్టించింది. 2006లో చట్టం మార్చి అత్యాచారాన్ని తిరిగి సాధారణ శిక్షాస్మృతిలోకి తేవాల్సి వచ్చింది. మరొకటి, సతర్ హదీసు: తోటి ముస్లిం లోపాన్ని కప్పినవాడి లోపాల్ని అల్లాహ్ కప్పుతాడని. మనిషి తనకూ తన ప్రభువుకూ మధ్య చేసుకున్న పొరపాటును బజారుకీడ్చవద్దని చెప్పే హదీసు అది. ఇంకొకరి బిడ్డ మీద జరిగిన దౌర్జన్యాన్ని కప్పిపెట్టమని చెప్పేది కాదు. దానికి ఖురాన్ ఆజ్ఞ వేరే ఉంది. "సాక్ష్యాన్ని దాచకండి, దాచినవాడి హృదయం పాపిష్ఠిది" అని సూరా బఖరా 283వ ఆయతు చెబుతోంది. సూరా నిసా 135వ ఆయతు ఇంకా ముందుకు వెళ్లి, న్యాయం కోసం గట్టిగా నిలబడండి, అది మీకూ మీ తల్లిదండ్రులకూ బంధువులకూ వ్యతిరేకమైనా సరే అంటోంది. మఖ్జూమ్ వంశపు గొప్పింటి స్త్రీ దొంగతనం చేసినప్పుడు సిఫారసుకు వచ్చినవాళ్లతో ప్రవక్త అన్న మాట మనందరికీ తెలుసు: గొప్పవాణ్ణి వదిలేసి బలహీనుణ్ణి శిక్షించడం వల్లే పూర్వపు జాతులు నాశనమయ్యాయని. జుమా ఖుత్బాల్లో (శుక్రవారపు ప్రసంగాల్లో) ఎన్నోసార్లు విన్న ఈ హదీసు, కమిటీ గదిలోకి వచ్చేసరికి ఎందుకు గుర్తురాదు?

ఇక ఈ దేశపు చట్టం. లైంగిక నేరాల నుంచి పిల్లల్ని రక్షించడానికి 2012 నవంబరు 14న అమల్లోకి వచ్చిన పోక్సో చట్టం గురించి మన మసీదు కమిటీల్లో ఎంతమందికి తెలుసు? ఆ చట్టానికి ఆడపిల్ల, మగపిల్లవాడు అనే తేడా లేదు. విద్యాసంస్థలోగానీ మత సంస్థలోగానీ పనిచేసే మనిషి అక్కడి పిల్లల మీద నేరం చేస్తే దాన్ని మరింత తీవ్రమైన నేరంగా చూస్తుంది. 19వ సెక్షన్ ప్రకారం, పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసిన ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోతే ఆరు నెలల వరకు జైలు. సంస్థ బాధ్యుడు తన కింద పనిచేసేవాడి నేరాన్ని దాచిపెడితే ఏడాది వరకు జైలు, జరిమానా. అంటే ఉస్తాద్‌ను రాత్రికి రాత్రి బస్సెక్కించిన కమిటీ పెద్దలు ఊరి పరువు కాపాడలేదు, తామే నేరస్థులయ్యారు. సదుద్దేశంతో సమాచారం ఇచ్చినవాళ్లకు అదే సెక్షన్ రక్షణ కూడా ఇస్తోంది. రాజీ చేసుకున్నామన్నా కుదరదు. రాజస్థాన్‌లో ఒక ఉపాధ్యాయుడి మీద ఉన్న కేసును, బాలిక తండ్రితో రాజీ కుదిరిందని హైకోర్టు కొట్టేస్తే, 2024 నవంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పును రద్దు చేసి కేసు నడపమంది. పిల్లల మీద జరిగిన నేరం తండ్రికీ నిందితుడికీ మధ్య సొంత గొడవ కాదని అర్థం.

పోలీసు స్టేషన్ అంటే మన పేటల్లో ఉన్న భయం నాకు తెలుసు. అందుకు కారణాలూ తెలుసు. అందుకే చట్టంలో ఉన్న వెసులుబాట్లు ప్రతి తల్లికీ తెలియాలి. పిల్లలు స్టేషన్‌కు వెళ్లనవసరం లేదు, వాంగ్మూలం ఇంటి దగ్గరే తీసుకోవచ్చు. వీలైనంత వరకు ఎస్సై హోదాకు తగ్గని మహిళా అధికారి, యూనిఫాం లేకుండా వచ్చి, తల్లిదండ్రుల ఎదుటే తీసుకోవాలి. పిల్లల పేరు, ఫోటో, ఆచూకీ ఎక్కడా రాకూడదు. నిందితుణ్ణి పిల్లల ఎదుట పడనివ్వకూడదు. మన మసీదు పంచాయితీలో ఆ పిల్లవాడికి ఇందులో ఒక్కటైనా దక్కిందా? పిల్లల సహాయవాణి 1098 నంబరుకు ఏ వేళైనా ఉచితంగా ఫోను చేయవచ్చు. ఆ నంబరు మక్తబ్ గోడ మీద, పిల్లల కళ్లకు అందే ఎత్తులో రాసి ఉండాలి. నమాజు వేళల బోర్డు పక్కనే ఉన్నా తప్పులేదు.

పిల్లలకు ఏం నేర్పాలన్న దగ్గర చాలామంది తడబడతారు. మసీదులో ఇలాంటి మాటలా అని సిగ్గుపడతారు. కానీ మన దీనీ చదువు శరీరం గురించి ఎప్పుడు సిగ్గుపడింది? వజూ, గుసుల్, తహారత్ లాంటి శుద్ధి నియమాలు పదేళ్ల పిల్లలకు పూసగుచ్చినట్టు చెబుతాం. సూరా నూర్ 58వ ఆయతులో పసిపిల్లలు కూడా తెల్లవారుజాము నమాజు ఫజ్ర్‌కు ముందు, మధ్యాహ్నం బట్టలు వదులుగా చేసుకునే వేళ, ఇషా తర్వాత పెద్దల గదిలోకి అనుమతి అడిగి రావాలని ఉంది. పదేళ్లకు పడకలు వేరు చేయమని హదీసు ఉంది. ఒంటికి మర్యాద ఉంది, దానికి హద్దు ఉంది అన్న పాఠం మన దగ్గర పద్నాలుగు వందల ఏళ్లుగా ఉంది. దానికి ఒక్క వాక్యం కలపండి: ఆ హద్దు దాటే హక్కు మామయ్యకు లేదు, పక్కింటాయనకు లేదు, ఉస్తాద్‌కు కూడా లేదు, దాటితే అమ్మీకి చెప్పు, నిన్నెవరూ తిట్టరు. ఈ వాక్యం ఉస్తాద్ నోటి నుంచే వస్తే దాని బలం వేరు. మంచి ఉస్తాదులు దీన్ని సంతోషంగా చెబుతారని నా నమ్మకం.

పరాయి స్త్రీ పురుషులు ఒంటరిగా ఒక గదిలో ఉండకూడదన్న నియమాన్ని ఎంత పట్టుదలగా పాటిస్తామో మనందరికీ తెలుసు. పెద్ద ఆడమనిషి విషయంలో అంత జాగ్రత్తపడే మనం, ఎదురు తిరగలేని పసివాణ్ణి మూసిన తలుపు వెనక వదిలేస్తున్నాం. హుజ్రాలోకి పిల్లలు వెళ్లే పనే ఉండకూడదు. క్యారియర్ పెద్దవాళ్లు తీసుకెళ్లాలి. చదువు నలుగురికీ కనిపించే చోట, తెరిచిన తలుపు ఎదుట సాగాలి. కాళ్లు ఒత్తించుకోవడం అనే ఖిద్మత్‌ను పూర్తిగా మానేయాలి, ఇందులో మినహాయింపులు అక్కర్లేదు. హాస్టల్లో ఉన్న పిల్లవాడికి వారానికొకసారైనా, పక్కన ఎవరూ నిలబడకుండా ఇంటికి ఫోను చేసుకునే వీలుండాలి. ఇలాంటి ఏర్పాటు నిర్దోషి అయిన ఉస్తాద్‌కు కూడా రక్షణే. తలుపు తెరిచి ఉన్న గదిలో కూర్చున్న మనిషి మీద నింద వేయడం తేలిక కాదు. ఇంకొకటి, మన కమిటీల్లో ఒక్క స్త్రీ కూడా ఉండదు. పిల్లలు ముందుగా చెప్పుకునేది తల్లులకు, నిర్ణయం తీసుకునేది తండ్రుల గది. మధ్యలో గొంతులు మూగబోతాయి. ప్రతి మక్తబ్‌కూ ఇద్దరు ఆపాలు బాధ్యులుగా ఉండాలి, పిల్లలందరికీ వాళ్లెవరో తెలిసి ఉండాలి.

ఉస్తాదుల బతుకుల గురించి కూడా మాట్లాడాలి. కుటుంబాన్ని సొంతూళ్లో వదిలి, చాలీచాలని జీతంతో, ఏడాదికో ఊరు మారే మనుషులు చాలామంది. ఎక్కడి నుంచి వచ్చారో, ఎందుకు వచ్చారో అడిగేవాళ్లు ఉండరు. గౌరవంగా బతికే జీతం ఇచ్చి, కుటుంబంతో ఉండే ఇల్లు ఇచ్చి, పూర్వాపరాలు విచారించి నియమించుకోవడం మన బాధ్యత. ఆంధ్రప్రదేశ్‌లో అనేక మసీదుల ఇమాములకు ప్రభుత్వం నెలకు 10,000 రూపాయలు, అజాన్ ఇచ్చే మౌజన్‌లకు 5,000 గౌరవ వేతనం ఇస్తోంది. తెలంగాణలో 5,000 ఇస్తోంది. ఆ దరఖాస్తుతో పాటే గత నియామకాల వివరాలు, పోలీసు ధ్రువీకరణ పత్రం, పిల్లల రక్షణపై ఒకరోజు శిక్షణ తప్పనిసరి చేయమని వక్ఫ్ బోర్డులను మనమే అడగాలి. బయటివాళ్లు అడిగేదాకా ఆగితే, వాళ్లు అడిగే తీరు వేరుగా ఉంటుంది.

రమజాన్‌కు ముందు ప్రతి కమిటీ తరావీహ్ (రమజాన్ రాత్రుల నమాజు) కోసం ఖురాన్ కంఠస్థమైన హాఫిజ్‌ను వెతుకుతుంది. ఊరూరికీ ఫోన్లు చేస్తారు. గొంతు ఎలా ఉంటుంది, ఎంత వేగంగా చదువుతారు, ఎంత ఇవ్వాలి అని అడుగుతారు. అదే ఫోనులో ఇంకొక ప్రశ్న కూడా అడగాలి: మీ దగ్గర ఉన్నప్పుడు పిల్లల విషయంలో ఈయన మీద ఏదైనా ఫిర్యాదు వచ్చిందా? అవతలి కమిటీ దానికి నిజం చెప్పాలి. తమ ఊరి నుంచి తెల్లవారకముందే బస్సెక్కించిన మనిషిని "మంచి ఖిరాత్ అండీ" అని పక్క ఊరికి సిఫారసు చేసిన పెద్దమనిషి, ఆ పక్క ఊరి పిల్లవాడి విషయంలో అల్లాహ్ ముందూ, పోక్సో కోర్టు ముందూ జవాబు చెప్పుకోవాల్సి ఉంటుంది.